ఏ ఎడ్జ్ ఉంచాలి, ఏది తీసేయాలి: మెషింగ్‌కి ముందు క్యాడ్ మోడల్‌ని శుభ్రం చేయడం

(బెంగళూరులో ఒక ఆదివారం ఉదయం తెలుగు ఇంజనీర్ల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారమండీ. ఆదివారం పూట వైట్‌ఫీల్డ్ నుంచి కొందరు, పీణ్య నుంచి కొందరు, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి కొందరు ఇంత దూరం వచ్చారు. అందుకని ఉపోద్ఘాతం పెట్టుకోకుండా తెరమీద ఉన్న బొమ్మతోనే మొదలుపెడతాను. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: క్యాడ్ మోడల్‌ని, అంటే కంప్యూటర్లో గీసిన భాగాన్ని, లెక్క కట్టడానికి ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టడమే మెషింగ్. ఆ ముక్కల్ని కలిపే బిందువులు నోడ్లు, ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ మెషర్.

ఇది అల్యూమినియం కాస్టింగ్ బ్రాకెట్. ఈ మూలన బాస్, అంటే బోల్టు కూర్చునే గుండ్రటి దిమ్మె, ఉంది చూడండి, దాని పైముఖం వ్యాసం 16.1 మి.మీ. దానిమీద ఎం8 బోల్టు, బోల్టు తల కింద వాషర్. ఎం8 మామూలు వాషర్ బయటి వ్యాసం 16 మి.మీ. రెండూ ఒకే కేంద్రం మీద కూర్చున్నాయి. డ్రాయింగ్‌లో తప్పేమీ లేదు, షాపులో బిగిస్తే చక్కగా బిగుసుకుంటుంది. ఇప్పుడు వాషర్‌ని బాస్ మీద ఇంప్రింట్ చేశాం. అంటే వాషర్ అంచు గీత బాస్ ముఖం మీద పడింది. ఆ గీతకీ బాస్ అంచుకీ మధ్య మిగిలింది 0.05 మి.మీ. వెడల్పున్న ఒక ఉంగరం. మామూలు జూమ్‌లో ఆ రెండు గీతలూ ఒకే గీతలా కనిపిస్తాయి, దగ్గరికి వెళ్తే తప్ప తెలియదు.

మన ఎలిమెంట్ సైజు 4 మి.మీ. మెషర్ ముందు రెండు దారులున్నాయి. సైజుకే కట్టుబడితే ఆ ఉంగరంలో 4 మి.మీ. పొడవు, 0.05 మి.మీ. వెడల్పు ఉన్న త్రిభుజాలు వస్తాయి. 80కి 1 నిష్పత్తి అన్నమాట, పనికిరావు. మంచి ఆకారం కావాలంటే ఉంగరం చుట్టుకొలత 50 మి.మీ. కాబట్టి ఒక్క చుట్టుకే సుమారు వెయ్యి ముక్కలు పెట్టాలి. అక్కడితో ఆగదు. 0.05 నుంచి మళ్లీ 4 మి.మీ.కి చేరాలి కదా, గ్రోత్ రేటు 1.2 ఇస్తే, అంటే ఒక్కో వరస ముందుదానికి 1.2 రెట్లు అయితే, అందుకు 24 వరసలు పడతాయి. బోల్టులు ఆరు ఉంటే ఇదంతా ఆరుసార్లు. మోడల్లో సగం ఎలిమెంట్లు, ఎవరికీ అక్కర్లేని ఆ ఉంగరాల చుట్టూ పోగవుతాయి.

ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఇదే. క్యాడ్‌లో ఉన్న ప్రతి ఎడ్జూ, అంటే ముఖం అంచు గీత, మెషర్‌కి ఒక ఆజ్ఞ. "ఈ గీత మీద నోడ్లు పెట్టు, దీన్ని దాటి ఎలిమెంట్ వేయకు" అని చెబుతుంది. ప్రతి వర్టెక్సూ, అంటే ఎడ్జ్ కొస, ముగ్గులో చుక్కలాంటిది, అక్కడ నోడ్ పడి తీరాలి. డిజైనర్ ఆ గీతల్ని తయారీ కోసం పెట్టారు, మెష్ కోసం కాదు. వాటిలో ఏ ఆజ్ఞలు మెషర్‌కి చేరాలో, ఏవి చేరకూడదో తేల్చడమే మన పని. శుభ్రం చేయడం అంటే అందం చేయడం కాదు.

ఈ ఉంగరానికి వైద్యం చాలా చిన్నది. ఇంప్రింట్‌కి ముందే వాషర్ వ్యాసం 16.1 చేయండి, లేదా బాస్‌ని 16 చేయండి. రెండు గీతలూ ఒకటైపోతాయి. ఇంప్రింట్ అయ్యాక, మెష్ పడ్డాక ఎలిమెంట్ ఎలిమెంట్ పట్టుకుని సరిచేయడమంటే గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమే. అసెంబ్లీలో ఏ రెండు భాగాలు ముఖాముఖి కూర్చున్నా, షేర్ టోపాలజీ (కలిసే ముఖాల్ని రెండు భాగాలకీ ఉమ్మడి చేసే) బటన్ నొక్కే ముందు వాటి అంచులు ఎంత దగ్గరగా ఉన్నాయో ఒకసారి కొలవండి.

సరే, ఇప్పుడు ఫైల్ చేతికొచ్చిన క్షణం నుంచి వద్దాం.

క్యాడ్‌లో రెండు వంపు ఉపరితలాలు కలిసే గీత అచ్చంగా కచ్చితమైనది కాదు. క్యాడ్‌లో వాడే వంపు ఉపరితల ముక్కలు, రెండు బైక్యూబిక్ ప్యాచ్‌లు కలిసే గీతకి బీజగణితంలో డిగ్రీ 324 దాకా పోతుంది. అంత సమీకరణాన్ని ఏ సాఫ్ట్‌వేరూ దాచుకోదు. దాని బదులు ఒక సులువైన కర్వ్‌తో దగ్గరదగ్గరగా గీసి, "ఇంత తేడా ఉన్నా ఒకటే అనుకో" అని ఒక టాలరెన్స్ పెట్టుకుంటుంది. ఆ టాలరెన్స్ ఒక్కో కెర్నల్‌కి, అంటే క్యాడ్ లోపల ఆకారాల లెక్క చేసే ఇంజన్‌కి, ఒక్కోలా ఉంటుంది. పారాసాలిడ్‌కి 0.00001 మి.మీ. ఏసిస్‌కి మామూలుగా మోడల్ యూనిట్లలో పది లక్షలో ఒక వంతు, అంటే మి.మీ. మోడల్ అయితే 0.000001 మి.మీ. మొదటి ఇంట్లో అతుక్కుని ఉన్న ఎడ్జ్ రెండో ఇంటికి వెళ్లేసరికి విడిపోయి కనబడటానికి కారణం ఇదే. డిజైనర్ తప్పు చేశారని వెంటనే అనుకోకండి. ఆయన తెరమీద అది మూసుకునే ఉంది.

అందుకే ఫార్మాట్ అడిగేటప్పుడు రెండువైపులా ఏ కెర్నల్ ఉందో చూసి అడగాలి. సాలిడ్‌వర్క్స్, ఎన్ఎక్స్, సాలిడ్ ఎడ్జ్ మూడూ పారాసాలిడ్ మీదే నడుస్తాయి. మీ సాఫ్ట్‌వేర్ పారాసాలిడ్ నేరుగా చదివితే ఎక్స్‌_టీ ఫైలే అడగండి, మధ్యలో అనువాదం ఉండదు. అబాకస్‌ది ఏసిస్, దానికి శాట్ ఫైల్ నప్పుతుంది. జీమెష్, సలోమే, ఫ్రీక్యాడ్ ఓపెన్ కాస్కేడ్ మీద నడుస్తాయి, వాటికి స్టెప్, అంటే క్యాడ్ సాఫ్ట్‌వేర్ల మధ్య ఉమ్మడి ఫైల్ ఫార్మాట్, మేలు. కెర్నల్ తెలియనప్పుడు కూడా స్టెప్ అడగండి. స్టెప్ మొదట 1994లో ప్రమాణంగా వచ్చింది. అందులో ఇప్పుడు అడగాల్సింది ఏపీ242 అనే రకం, అది 2014 నుంచి ఉంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వాలిడేషన్ ప్రాపర్టీస్ కూడా పెట్టమనండి. అసలు మోడల్ ఘనపరిమాణం, ఉపరితల వైశాల్యం, గురుత్వ కేంద్రం ఫైల్లోనే వస్తాయి, దిగుమతి అయ్యాక వాటితో పోల్చుకోవచ్చు.

ఐజెస్ ఫార్మాట్ 1980 నాటిది, 1996 తర్వాత కొత్త వెర్షన్ లేదు. దాన్లో సాలిడ్ రాసే వీలుంది గానీ చాలా ఫైళ్లలో వచ్చేది విడివిడి ట్రిమ్డ్ సర్ఫేస్‌లే. ఏ ముఖం పక్కన ఏ ముఖం ఉందో ఫైల్లో ఉండదు. అతుకుల బొంతని విప్పి గుడ్డపేలికలుగా పంపినట్టు, కుట్టు పని అంతా మనదే. ఇక ఎస్టీఎల్ అయితే అందులో యూనిట్లే ఉండవు, ఉన్నవి త్రిభుజాలు మాత్రమే. 50 మి.మీ. వ్యాసార్ధం ఉన్న వృత్తాన్ని 0.1 మి.మీ. కార్డ్ తేడాతో (వంపుకీ దాని బదులు గీసిన సరళరేఖకీ మధ్య దూరంతో) రాస్తే అది 50 భుజాల బహుభుజి అవుతుంది. ఆ 50 భుజాలనీ మీ మెష్ నిజం అనుకుంటుంది. తప్పనిసరై ఎస్టీఎల్ తీసుకుంటే కార్డ్ తేడా మీ ఎలిమెంట్ సైజులో ఇరవయ్యో వంతు దాటకుండా రాయమనండి.

ఫైల్ తెరిచాక ఏ టూలూ ముట్టుకోకముందు మూడు కొలతలు తీసుకోవాలి. ఒకటి, తెలిసిన ఒక కొలత. ఎం8 బోల్టు రంధ్రం 9 మి.మీ. ఉండాల్సిన చోట 0.354 వచ్చిందంటే అంగుళాలు, 0.009 వచ్చిందంటే మీటర్లు. రెండు, బాడీల లెక్క. క్యాడ్‌లో 14 ఉంటే ఇక్కడా 14 సాలిడ్‌లు ఉండాలి. 13 సాలిడ్‌లూ ఒక సర్ఫేస్ బాడీ వస్తే ఆ ఒక్కదానిదగ్గర ఎక్కడో చిల్లు ఉంది. మూడు, ఘనపరిమాణం. క్యాడ్ విలువతో 0.1 శాతం కంటే ఎక్కువ తేడా వస్తే ఒక ముఖం పోయిందనో, రెండుసార్లు వచ్చిందనో అనుమానించాలి. నెగెటివ్ వస్తే నార్మల్స్, అంటే ముఖాల బయటివైపు చూపే బాణాలు, లోపలికి తిరిగాయి. ఈ మూడింటికీ పది నిమిషాలు చాలు. ఈ పది నిమిషాలు మిగుల్చుకోబోయి రెండు రోజులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఉంటారు. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

తర్వాత ఎడ్జ్‌ల రంగులు చూడాలి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ మారినవాళ్లు జాగ్రత్తగా వినండి. హైపర్‌మెష్ అనే మెషింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎరుపంటే ఒకే ముఖానికి చెందిన ఎడ్జ్, అంటే ఫ్రీ ఎడ్జ్. ఆకుపచ్చ రెండు ముఖాలు పంచుకున్నది. పసుపు మూడు, అంతకంటే ఎక్కువ ముఖాలు కలిసినది. ఆన్సా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఎరుపుకి అదే అర్థం, కానీ పసుపంటే రెండు ముఖాలది, ఆరోగ్యంగా ఉన్న ఎడ్జ్. మూడు కలిస్తే సయాన్. ఒకదాంట్లో పసుపు చూసి నిశ్చింతగా ఉండాలి, ఇంకోదాంట్లో పసుపు చూసి ఆగాలి. సాలిడ్ మోడల్ అయితే ఒక్క ఎరుపు ఎడ్జ్ కూడా మిగలకూడదు, మూడు ముఖాల ఎడ్జ్ కనబడిందంటే లోపల ఒక అదనపు ముఖం ఇరుక్కుని ఉందని అర్థం.

ఎరుపు ఎడ్జ్ ఎందుకొచ్చిందో మూడు రకాలు. ముఖమే లేకపోవచ్చు, ముఖం రెండుసార్లు ఉండొచ్చు, లేదా పక్కపక్క ముఖాలు రెండూ ఉన్నా మధ్య సందు ఉండొచ్చు. కుట్టుకి ముందు డూప్లికేట్ ముఖాలు తీసేయండి. ఎందుకంటే ఒకే చోట రెండు ముఖాలుంటే కుట్టు ఏదో ఒకదాన్ని పట్టుకుంటుంది, రెండోది వేలాడుతూ ఉండిపోతుంది. పోయిన ముఖాన్ని ఆఖరున పూరించండి, సందులు మూసుకున్నాక దాని చుట్టూ ఉన్న లూప్ స్పష్టంగా తెలుస్తుంది.

స్టిచ్ టాలరెన్స్, అంటే ఎంత సందు వరకు కుట్టేయాలో చెప్పే అంకె, దగ్గర చాలామంది ఒకేసారి పెద్ద అంకె కొడతారు. 0.5 పెట్టగానే ఎరుపంతా మాయమవుతుంది, ప్రాణానికి హాయిగా ఉంటుంది. కానీ 0.5 కంటే చిన్నదైన నిజమైన ఎడ్జ్ కూడా మాయమైంది. దాని రెండు చివర్లూ ఒకే బిందువైపోయాయి, దాన్ని పట్టుకుని ఉన్న ముఖం నలిగింది. 0.001తో మొదలుపెట్టండి, తర్వాత 0.005, 0.01, 0.05. ప్రతిసారీ ఎరుపు ఎడ్జ్‌లు ఎన్ని తగ్గాయో రాసుకోండి. 0.01 దగ్గర 240 నుంచి 6కి దిగి, 0.05 దగ్గర కూడా 6 దగ్గరే ఆగితే, ఆ ఆరూ సందులు కావు. అవి లోపించిన ముఖాలో, అదనపు ముఖాలో అయి ఉంటాయి, చేత్తో చూడాలి. టాలరెన్స్ ఎప్పుడూ ఎలిమెంట్ సైజులో 15 నుంచి 20 శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. నా మాట అడిగితే దానికంటే ముందు ఇంకో హద్దు ఉంది: మోడల్లో అన్నిటికంటే పలచని గోడ మందంలో పదో వంతు.

మోడల్ మూసుకుంది. ఇప్పుడు ఎడ్జ్‌లన్నిటినీ పొడవు ప్రకారం చిన్న నుంచి పెద్దకి పేర్చండి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఈ జాబితా వస్తుంది. పైన ఉన్న 20 వరసలే మీ కష్టాలన్నిటికీ మూలం. అవి ఎక్కువగా ఎక్కడ పుడతాయంటే, ఒక ఫిల్లెట్ (మూలని గుండ్రంగా చేసే వంపు) ఇంకో ఫిల్లెట్‌ని దాదాపు తాకి వదిలే చోట. 3 మి.మీ. ఫిల్లెట్ 3.02 మి.మీ. ఎత్తున్న మెట్టు మీద కూర్చుంటే, మెట్టు గోడలో 0.02 మి.మీ. ఎత్తున్న రిబ్బన్ మిగులుతుంది. పొడవు 40 మి.మీ. ఉండొచ్చు. దీన్ని తొలగించడానికి రెండు దారులు. ఒకటి నిజంగా మార్చడం: మెట్టు ఎత్తుని 3కి తేవడం. పారామెట్రిక్ మోడల్ (అంకె మారిస్తే ఆకారం మారేది) మన చేతిలోనో, పక్క బల్ల మీదో ఉంటే ఇదే ఉత్తమం. డిజైనర్‌ని అడిగి సిమ్యులేషన్ కోసం వేరే కాన్ఫిగరేషన్ ఒకటి చేయించుకుంటే, రేపు రివిజన్ వచ్చినా ఈ పనంతా మళ్లీ చేయక్కర్లేదు.

రెండోది ఎడ్జ్‌ని అణచడం. హైపర్‌మెష్‌లో టాగుల్, ఆన్సిస్‌లోనూ అబాకస్‌లోనూ వర్చువల్ టోపాలజీ, జీమెష్‌లో కాంపౌండ్ సర్ఫేస్. పేర్లు వేరు, పని ఒకటే: ముఖాలు అలాగే ఉంటాయి, మధ్య గీత ఆజ్ఞ మాత్రం రద్దవుతుంది. ఎలిమెంట్ దాన్ని దాటి పడుతుంది. రిబ్బన్‌కి ఇది చాలు. కానీ రెండు ముఖాల మధ్య కోణం బాగా ఉన్నచోట అణిచారంటే ఎలిమెంట్ ఆ మూలని కోసేసుకుంటూ పోతుంది, ఆకారం పోతుంది. సుమారు 20, 30 డిగ్రీల మలుపు దాటితే చేయి వేయకండి.

మూడు భుజాల ముఖాలు కూడా ఒకసారి వెతకండి. నాలుగు భుజాల ప్యాచ్‌లో ఒక భుజం ముడుచుకుని బిందువైపోతే ఆ కొసన గ్రిడ్ గీతలన్నీ వచ్చి పోగుపడతాయి. పారామెట్రిక్ తలంలో మెష్ వేసే మెషర్లు అక్కడ తడబడతాయి. ఆ ముఖాన్ని తీసేసి చుట్టూ ఉన్న ఎడ్జ్‌లతో కొత్త ప్యాచ్ నింపితే సరిపోతుంది.

ఇక తీసివేతల సంగతి. సంస్థ లోగో, అచ్చు అక్షరాలు, పార్ట్ నంబరు: ఆలోచించకుండా తీసేయండి. థ్రెడ్‌లు కూడా. ఎం8 థ్రెడ్‌ని హెలిక్స్‌తో సహా ఉంచినవాళ్లు ఉన్నారు, 1.25 మి.మీ. పిచ్‌లో ఎలిమెంట్లు పట్టించాలని చూస్తారు. బోల్టు బిగింపు చాలనుకుంటే దాన్ని నునుపైన సిలిండర్ చేయండి. వ్యాసం 8 కాదు. ఎం8 స్ట్రెస్ ఏరియా 36.6 చదరపు మి.మీ., దానికి సరిపోయే వ్యాసం 6.83 మి.మీ. 8 పెడితే బోల్టు గట్టిదనం 37 శాతం ఎక్కువవుతుంది.

ఫిల్లెట్‌ల దగ్గర మాత్రం నిదానం. 2 మి.మీ. వ్యాసార్ధం, 90 డిగ్రీల ఫిల్లెట్ ఆర్క్ పొడవు 3.14 మి.మీ. మీ ఎలిమెంట్ 4 అయితే దాన్ని ఉంచినా అది ఒక చాంఫర్‌గానే, అంటే ఏటవాలు కోతగానే, మిగులుతుంది. పైగా పది నోడ్ల టెట్రా (నాలుగు ముఖాల ఎలిమెంట్) వాడుతుంటే మధ్య నోడ్ వంపు మీదకి జరిగి ఎలిమెంట్ లోపలికి మడతపడుతుంది, ఎలిమెంట్ ఆకారం చెడిందో లేదో చెప్పే జకోబియన్ అంకె నెగెటివ్ అవుతుంది. బయటి అంచు ఫిల్లెట్‌లు తీసేయొచ్చు, ఒత్తిడి అక్కడ చేరదు. లోపలి మూల ఫిల్లెట్ అలా కాదు. దాన్ని తీసేస్తే పదునైన మూల మిగులుతుంది, అక్కడ స్ట్రెస్‌కి హద్దే ఉండదు. మెష్ సన్నం చేసేకొద్దీ అంకె పెరుగుతూనే పోతుంది. 180 మెగాపాస్కల్ వచ్చింది, సన్నం చేస్తే 260, ఇంకా సన్నం చేస్తే 390. ఏది నిజం? ఏదీ కాదు. డిఫ్లెక్షన్ మాత్రమే, లేదా సహజ పౌనఃపున్యం మాత్రమే కావాలంటే ఆ ఫిల్లెట్ తీసేయండి, పెద్దగా తేడా రాదు. ఫటీగ్, అంటే పదేపదే పడే బరువుకి వచ్చే పగులు, లెక్క కావాలంటే ఆ ఒక్క ఫిల్లెట్‌నీ ఉంచి, 90 డిగ్రీల ఆర్క్ మీద కనీసం 6 ఎలిమెంట్లు పెట్టండి. ప్రశ్న ఏంటో తెలియకుండా ఏ ఫిల్లెట్ తీయాలో ఎవరూ చెప్పలేరు.

తీసే వరస కూడా ఉంది. మూడు ఫిల్లెట్‌లు కలిసే మూల ప్యాచ్‌ని ముందు తీయాలి, ఆ తర్వాత డిజైనర్ ఆఖరున వేసినవి, ఆ తర్వాత ముందువి. తీసినప్పుడు సాఫ్ట్‌వేర్ చేసేది పక్క ముఖాలు రెంటినీ పొడిగించి కలపడమే. ఆ రెండూ సమాంతరంగానో, ఒకదానికొకటి టాంజెంట్‌గానో ఉంటే ఎంత పొడిగించినా కలవవు, టూల్ ఫెయిల్ అంటుంది. అప్పుడు పదేపదే బటన్ నొక్కడం దండగ. ఆ చోటుని ప్లేన్‌తో కోసి, ముఖాలు తీసేసి, కొత్తగా కట్టుకోండి.

షీట్ మెటల్ అయితే సాలిడ్ మెష్ అక్కర్లేదు, మిడ్‌సర్ఫేస్, అంటే మందం మధ్యలో ఉండే ఉపరితలం, తీసి దానిమీద షెల్, అంటే పలక లాంటి ఎలిమెంట్లు, వేస్తాం. అక్కడ టీ జాయింట్ చూడండి. 3 మి.మీ. ప్లేటు మీద ఇంకో ప్లేటు నిలువుగా వెల్డ్ అయింది. అడుగు ప్లేటు మిడ్‌సర్ఫేస్ దాని మందం మధ్యలోకి దిగింది, నిలువు ప్లేటు మాత్రం పై ముఖం దగ్గరే ఆగింది. మధ్య 1.5 మి.మీ. ఖాళీ. దీన్ని 1.5 టాలరెన్స్‌తో కుట్టకండి, వేరేచోట ఏమేం అతుక్కుంటాయో తెలియదు. నిలువుదాన్ని పొడిగించి అడుగుదాని మీద ఇంప్రింట్ చేయండి. అప్పుడు ఆ గీత మూడు ముఖాల ఎడ్జ్ అవుతుంది, షెల్ మోడల్లో అలా ఉండటమే సరైనది.

క్రాష్ లాంటి ఎక్స్‌ప్లిసిట్ పనిలో, అంటే కాలాన్ని చిన్న చిన్న స్టెప్‌లుగా నడిపే లెక్కలో, చిన్న ఎడ్జ్ శిక్ష ఇంకా పెద్దది. స్టీల్‌లో ధ్వని సెకనుకి 5 వేల మీటర్లకు కొంచెం పైన వెళ్తుంది. 5 మి.మీ. ఎలిమెంట్‌ని దాటడానికి సుమారు ఒక మైక్రోసెకను, అదే టైమ్ స్టెప్. మోడల్లో ఎక్కడో ఒక మూల 0.5 మి.మీ. ఎలిమెంట్ ఉంటే మొత్తం మోడల్ పదో వంతు స్టెప్‌తో నడవాలి. సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర ఒక్క బండి ఆగితే వెనక రోడ్డంతా ఎలా ఆగుతుందో అలాగే. మాస్ స్కేలింగ్ పెట్టొచ్చు, కానీ లేని బరువు చేర్చిన సంగతి రిపోర్టులో కనబడాలి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, సీఎఫ్‌డీలో, అంటే గాలి, నీటి ప్రవాహాల లెక్కలో, మోడల్‌ని పైనుంచి తొడుగులా చుట్టే వ్రాపర్ ఉంది కదా. సందులన్నీ అదే మూసేస్తుంది. ఇంత శుభ్రం ఎందుకు?

కారు బానెట్ కింద గాలి ప్రవాహానికి వ్రాపర్ మంచి పనిముట్టేనండీ, వేల భాగాలని చేత్తో కుట్టలేం. కానీ వ్రాపర్ తన సైజుకంటే చిన్న వివరాన్ని చూడదు. 2 మి.మీ. సైజు ఇస్తే ఫిన్‌ల మధ్య 1.5 మి.మీ. దారి మూసుకుపోతుంది, పదునైన వెనక అంచు గుండ్రబడుతుంది. గాలి ఎక్కడ విడిపోతుందో అంచే నిర్ణయిస్తుంది కాబట్టి ఆ అంచుల్ని ఫీచర్ ఎడ్జ్‌లుగా విడిగా ఇవ్వాలి. ఇంకొకటి, టైరు నేలని గీతలా తాకే చోట కోణం సున్నా అవుతుంది, అక్కడ ఏ సెల్లూ నిలవదు. టైరుని కొంచెం నేలలోకి దింపి, లేదా చిన్న పీఠం పెట్టి ఆ మూలని నింపాలి. అది వ్రాపర్ చేయదు, మీరే చేయాలి.

ప్రశ్న: మేడం పక్కన ఉన్నారు, ఆవిడ తరఫున అడుగుతున్నాను. ఇక చాలు, మెష్ వేయొచ్చు అని ఎప్పుడు అనుకోవాలి?

మేడమ్ గారూ, నాలుగు చూడండి. ఫ్రీ ఎడ్జ్‌లు సున్నా. అన్నిటికంటే చిన్న ఎడ్జ్ మీ కనిష్ఠ ఎలిమెంట్ సైజులో సగానికి పైన. తీసివేతల తర్వాత బరువు అసలు బరువుకి ఒక శాతం లోపల. ఆపై ఒకసారి ముతకగా, 8 మి.మీ. సైజుతో మెష్ వేయండి. ఎలిమెంట్లు చిన్నగా గుంపు కట్టిన చోటికి నేరుగా జూమ్ చేయండి, అక్కడ ఒక ఎడ్జ్ ఇంకా దాగి ఉంటుంది. తీసేసిన ఫిల్లెట్‌లు, రంధ్రాలు, థ్రెడ్‌లు ఒక షీట్‌లో ముఖం నంబరుతో సహా రాసి మోడల్‌తోపాటే పెట్టండి. ఆరు నెలల తర్వాత ఆ మూలలో పగులు వచ్చిందని ఫోన్ వస్తే, ఆ ఫిల్లెట్ మన మోడల్లో ఉందో లేదో ముందు ఆ షీట్‌లోనే చూస్తారు.